మన సంస్థల్లో ఫిర్యాదుకు చోటు, విచారణకు పద్ధతి

(మైనారిటీ విద్యా, వైద్య, సేవా సంస్థల నిర్వాహకులు, సిబ్బంది పాల్గొన్న సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



మన సమాజం మీద ఎక్కడ అన్యాయం జరిగినా మనం మొట్టమొదట కోరేది నిష్పక్షపాతమైన విచారణ. కమిషన్ వేయమంటాము. నివేదిక బయటపెట్టమంటాము. బాధితులకు రక్షణ కల్పించమంటాము. ఇవన్నీ న్యాయమైన కోర్కెలే. వీటి కోసం మనం దశాబ్దాలుగా పోరాడుతూనే ఉన్నాము. అయితే ఇదే కొలబద్దను మన చేతుల్లో ఉన్న పాఠశాలలకు, కళాశాలలకు, ఆసుపత్రులకు, మదరసాలకు, సేవా సంఘాలకు పెట్టి చూసినప్పుడు ఏం కనిపిస్తుంది? అక్కడ పనిచేసే ఒక ఆయాకు అవమానం జరిగితే, ఒక గుమాస్తా కంటికి లెక్కల్లో తేడా కనబడితే, ఒక యువ ఉపాధ్యాయినిని పై అధికారి వేధిస్తే, వారు ఎవరి దగ్గరకు వెళ్లాలి? ఏ కాగితం ఇవ్వాలి? ఎన్ని రోజులలో జవాబు వస్తుంది? ఈ మూడు ప్రశ్నలకు లిఖితపూర్వకమైన సమాధానం మన సంస్థలలో ఎన్నింట ఉన్నదో ఇక్కడ కూర్చున్న ప్రతి ఒక్కరూ తమ మనసులో లెక్క వేసుకోవలసిందిగా కోరుతున్నాము. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. నేటి మా ప్రసంగం ఇంట గెలవడాన్ని గురించి.

పరువు అనే ముసుగు

ఫిర్యాదు వచ్చినప్పుడు మన సంస్థలలో వినిపించే మొదటి మాట, "బయటికి పొక్కితే ఖౌమ్ పరువు పోతుంది" అని. రెండవ మాట, "పెద్దలం నలుగురం కూర్చుని సర్దుబాటు చేద్దాం" అని. మూడవది, "ఇలా చెప్పడం గీబత్ అవుతుంది కదా" అని. ఈ మూడింటినీ ఒక్కొక్కటిగా పరిశీలించవలసి ఉన్నది.

పరువు మాట నిజమే. మన మీద ద్వేష ప్రచారం చేయడానికి కాచుకుని కూర్చున్నవారు ఉన్నారు. ఒక వ్యక్తి తప్పును మొత్తం సమాజానికి అంటగట్టే పత్రికా శీర్షికలను మనం చూస్తూనే ఉన్నాము. కాని ఆ భయానికి మందు మౌనం కాదు. దాచిపెట్టిన తప్పు దాగదు. అది ఏడాదికో రెండేళ్లకో బయటపడినప్పుడు తప్పు చేసినవాడితో పాటు దాచిన సంస్థ కూడా దోషిగా నిలబడుతుంది. "ఫిర్యాదు వచ్చిన వారంలోపే విచారణ మొదలుపెట్టాము, ఇదిగో రికార్డు" అని చూపగలిగిన సంస్థను వేలెత్తి చూపడం ఎవరికీ సులభం కాదు. పరువును కాపాడేది ఆ రికార్డే.

ఇక సర్దుబాటు. సర్దుకోవలసింది ఎప్పుడూ బలహీనులే కావడం మనకు తెలియనిది కాదు. ఉపాధ్యాయిని ఉద్యోగం మానుకుంటుంది, ప్రధానోపాధ్యాయుడు కొనసాగుతాడు. ఆయా ఇంటికి పోతుంది, మేనేజరు కుర్చీలోనే ఉంటాడు. దీనిని సులహ్ అని పిలవడం ఆ మాటకే అన్యాయం.

గీబత్ విషయంలో మన ధర్మశాస్త్ర పండితులు ఏనాడో స్పష్టత ఇచ్చారు. ఇమాం నవవీ తన రియాజుస్సాలిహీన్ గ్రంథంలో ఇతరుల లోపాన్ని చెప్పడం అనుమతించబడిన ఆరు సందర్భాలను పేర్కొన్నారు. వాటిలో మొదటిది, అన్యాయానికి గురైన వ్యక్తి న్యాయం చేయగల అధికారి వద్ద తన గోడు చెప్పుకోవడం. కాబట్టి ఫిర్యాదు చేసిన చెల్లెలి నోరు మూయించడానికి ధర్మాన్ని అడ్డం పెట్టుకోవడం చెల్లదు. అదే ధర్మం మరొక మాట కూడా చెబుతున్నది. ఎవరైనా ఒక వార్త తెస్తే దానిని నిర్ధారించుకోనిదే చర్య తీసుకోరాదు. ఫిర్యాదు వినాలి, నిజం తేల్చుకోవాలి. ఈ రెండూ కలిస్తేనే విచారణ.

చట్టం ఏమి కోరుతున్నది

మైనారిటీ సంస్థలమైన మాకు మా పద్ధతులు మాకుంటాయని కొందరు వాదిస్తారు. రాజ్యాంగంలోని 30వ అధికరణం మనకు విద్యాసంస్థలు స్థాపించుకుని నిర్వహించుకునే హక్కు ఇచ్చింది. అది అమూల్యమైన హక్కు. అయితే నిర్వహించే హక్కులో దుర్నిర్వహణ హక్కు లేదని సుప్రీంకోర్టు 1958లోనే, కేరళ విద్యా బిల్లు వ్యవహారంలో తేల్చి చెప్పింది. 1986లో ఫ్రాంక్ ఆంథొనీ పబ్లిక్ స్కూలు ఉద్యోగుల కేసులో, మైనారిటీ పాఠశాలలోని ఉపాధ్యాయుల వేతనాలకు, సర్వీసు షరతులకు రక్షణ కల్పించే నిబంధనలు 30వ అధికరణానికి భంగం కాదని నిర్ణయించింది. మన హక్కును నిలబెట్టుకోవాలంటే మన నిర్వహణ నిలబడగలిగేదిగా ఉండాలి.

పనిచేసే చోట మహిళలపై లైంగిక వేధింపులకు సంబంధించిన చట్టం సంగతి మరింత స్పష్టం. రాజస్థాన్‌లో బాల్యవివాహాన్ని అడ్డుకున్నందుకు 1992లో సామూహిక అత్యాచారానికి గురైన భంవరీ దేవి ఉదంతం నుండి విశాఖ కేసు పుట్టింది. 1997 ఆగస్టు 13న సుప్రీంకోర్టు మార్గదర్శకాలు ఇచ్చింది. పదహారేళ్ల తరువాత, 2013లో, పార్లమెంటు చట్టం చేసింది. అది అదే ఏడాది డిసెంబరు 9 నుండి అమలులో ఉన్నది. ఈ చట్టం కంపెనీలకు మాత్రమే పరిమితం కాదు. ట్రస్టులు, సొసైటీలు, విద్యాసంస్థలు, ఆసుపత్రులు, స్వచ్ఛంద సంస్థలు అన్నీ దాని పరిధిలోకి వస్తాయి. జీతం తీసుకునేవారే కాక దినసరి కూలీ, కాంట్రాక్టు మనిషి, శిక్షణలో ఉన్న అమ్మాయి, జీతం లేకుండా సేవ చేసే కార్యకర్త కూడా దాని దృష్టిలో ఉద్యోగులే.

పదిమంది లేదా అంతకు మించి పనిచేసే ప్రతి చోటా అంతర్గత కమిటీ ఉండి తీరాలి. దాని అధ్యక్షురాలు ఆ సంస్థలోని సీనియర్ మహిళా ఉద్యోగి. ఉద్యోగుల నుండి కనీసం ఇద్దరు సభ్యులు. మహిళల హక్కుల కోసం పనిచేసే సంస్థ నుండి గాని, ఈ విషయం తెలిసినవారి నుండి గాని బయటి సభ్యులు ఒకరు. మొత్తం సభ్యులలో సగానికి తక్కువ కాకుండా మహిళలే ఉండాలి. కమిటీ వేయని యాజమాన్యానికి 50,000 రూపాయల వరకు జరిమానా విధించవచ్చు. తప్పు పునరావృతమైతే శిక్ష రెట్టింపు అవుతుంది, లైసెన్సుకే ముప్పు రావచ్చు.

బయటి సభ్యులు ఎందుకని కొందరు అడుగుతారు. మన సంస్థలలో కార్యదర్శి బావమరిది మేనేజరు, అధ్యక్షుని మేనల్లుడు అకౌంటెంటు కావడం అరుదు కాదు. ఇంటివారి మధ్య ఇంటివారే తీర్పరులైతే ఫిర్యాదుదారుకు నమ్మకం ఎక్కడిది? ఆ నమ్మకం కోసమే బయటి మనిషి.

పదిమంది కంటే తక్కువ పనిచేసే చోట్ల, లేదా ఫిర్యాదు యజమాని మీదనే అయినప్పుడు, జిల్లా స్థాయిలోని స్థానిక కమిటీని ఆశ్రయించవచ్చు. దీనిని మన సమాజం ప్రత్యేకంగా గుర్తుపెట్టుకోవాలి. మన అక్కచెల్లెళ్లలో ఎక్కువమంది పెద్ద కార్యాలయాల్లో లేరు. వారు నిజామాబాదు, జగిత్యాల వైపు బీడీలు చుడుతున్నారు, పాతబస్తీలో జర్దోజీ కుడుతున్నారు, చిన్న దుకాణాల్లో, క్లినిక్కుల్లో, ఇతరుల ఇళ్లలో పనిచేస్తున్నారు. ఇళ్లలో పనిచేసే మహిళలకూ ఈ చట్టం వర్తిస్తుంది. స్థానిక కమిటీ ఒకటి ఉన్నదన్న సంగతి వారి గడప దాకా చేర్చవలసిన బాధ్యత ఇక్కడి కార్యకర్తలది.

పిల్లల విషయంలో రాజీ అన్న మాటే లేదు. 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిసినవారు, జరగవచ్చునన్న అనుమానం ఉన్నవారు పోలీసులకు తెలియజేయడం విధి. తన కింది ఉద్యోగి చేసిన నేరాన్ని తెలియజేయని సంస్థ బాధ్యునికి ఏడాది వరకు జైలుశిక్ష పడవచ్చు. హాస్టలుగాని, మదరసాగాని, ట్యూషన్ కేంద్రంగాని, ముందు మనలో మనం విచారించుకుందామని ఆగడానికి వీలు లేదు. పిల్లల సహాయానికి 1098 నంబరు ఉన్నది.

దుష్ప్రవర్తన అంటే ఏమిటో ముందే రాయాలి

ఒక వ్యవస్థ నిలబడాలంటే మొదటి మెట్టు నియమావళి. ఏది తప్పో ముందు చెప్పకుండా తరువాత శిక్షించడం న్యాయం కాదు. లైంగిక వేధింపుతో పాటు ఆ జాబితాలో మూడు విషయాలను ప్రత్యేకంగా చేర్చవలసిందని మా సూచన.

మొదటిది ధనం. మన సంస్థలు జకాత్, సదకా, విరాళాల మీద నడుస్తున్నాయి. ఆ సొమ్ము అమానత్. రసీదు లేకుండా వసూలు చేయడం, సంస్థ సొమ్మును సొంత ఖాతాలో వేసుకోవడం, కొనుగోళ్లలో కమీషన్ తినడం ఇవన్నీ పేరుపేరునా రాయాలి. ఇటువంటివి తొలుత గమనించేది సాధారణంగా చిన్న ఉద్యోగే. అతడు నోరు విప్పినందుకు ఉద్యోగం పోదన్న హామీ కూడా ఆ పక్కనే రాయాలి.

రెండవది అవమానం. మన సంస్థలలో దళితులు పనిచేస్తున్నారు, ఇతర మతాలవారు పనిచేస్తున్నారు. కులం పేరుతో దూషించడం 1989 నాటి అట్రాసిటీల నిరోధక చట్టం కింద నేరం కూడా కాగలదు. అంతేకాదు, మనలోనే దూదేకుల సోదరులను, వృత్తి కులాల నుండి వచ్చినవారిని, ఉర్దూ సరిగా రానివారిని హేళన చేసేవారు ఉన్నారు. సమానత్వాన్ని చాటే సంస్థ ఆవరణలో ఇది సాగరాదు. దీనిని కూడా దుష్ప్రవర్తనగా పేర్కొనాలి.

మూడవది కక్ష సాధింపు. ఫిర్యాదు చేసినవారిని, సాక్ష్యం చెప్పినవారిని బదిలీ చేయడం, జీతం ఆపడం, వెలివేసినట్టు చూడడం, పిల్లల సీటు తీసేస్తామని బెదిరించడం, ఇవన్నీ మొదటి తప్పు కంటే వేరుగా శిక్షించదగిన తప్పులు కావాలి.

ఫిర్యాదుకు ఒక్క తలుపు చాలదు

ఫిర్యాదు కార్యదర్శికే ఇవ్వాలని రాస్తే, కార్యదర్శి మీదనే ఫిర్యాదు ఉన్నవారి గతి ఏమిటి? అందువల్ల కనీసం మూడు తలుపులు ఉండాలి: ఒక మహిళా బాధ్యురాలు, ఒక పురుష బాధ్యుడు, సంస్థకు వెలుపలి వ్యక్తి ఒకరు. వారి పేర్లు, ఫోను నంబర్లు తెలుగులోను, ఉర్దూలోను అందరికీ కనబడే చోట రాసి పెట్టాలి. అంతర్గత కమిటీ సభ్యుల విషయంలో ఇలా ప్రదర్శించడం చట్టమే విధించిన బాధ్యత.

రాయలేనివారు ఉంటారు. లైంగిక వేధింపుల చట్టం ప్రకారం బాధితురాలు ఫిర్యాదు రాయలేని స్థితిలో ఉంటే రాయడానికి సాయపడవలసినది కమిటీయే. ఫిర్యాదుకు గడువు మూడు నెలలు. తగిన కారణం ఉంటే మరో మూడు నెలలు పొడిగించవచ్చు. ఫిర్యాదు అందిన వెంటనే తేదీతో రసీదు ఇవ్వాలి, రిజిస్టరులో నంబరు వేయాలి. నోటిమాటగా విని "చూద్దాంలే" అన్న ఫిర్యాదు మరునాటికి ఎవరికీ గుర్తుండదు.

ఆకాశరామన్న ఉత్తరాలు వస్తుంటాయి. వాటిని చింపి పారేయరాదు, వాటి ఆధారంగానే ఒకరిని శిక్షించనూ రాదు. అందులోని విషయం రికార్డులతో సరిచూడగలిగేదైతే, ఉదాహరణకు రసీదు పుస్తకం నంబరు ఉంటే, సరిచూడాలి. ఆధారం దొరికితే సంస్థే స్వయంగా విచారణ మొదలుపెట్టాలి.

విచారణ అంటే తీర్పు కాదు

ఇప్పుడు అసలు ఘట్టానికి వస్తున్నాము. ఆరోపణ వచ్చినంత మాత్రాన ఎవరూ దోషి కారు. ఈ మాట మన సమాజానికి ఎవరూ నేర్పనక్కర లేదు. ఆరోపణతోనే జైళ్లలో ఏళ్లు గడిపి నిర్దోషులుగా బయటికి వచ్చిన మన బిడ్డల ముఖాలు మన కళ్ల ముందే ఉన్నాయి. కనుక మన చేతిలో అధికారం ఉన్న చోట ఆరోపణకు గురైన వ్యక్తి హక్కులను మనం ఇంకా జాగ్రత్తగా కాపాడాలి.

సహజ న్యాయ సూత్రాలు రెండు. తన వ్యవహారంలో తానే తీర్పరి కారాదు. ఎదుటి పక్షం వినకుండా నిర్ణయం చేయరాదు. జమ్మూ కశ్మీర్ అటవీ అధికారుల ఎంపికలో అభ్యర్థి అయిన అధికారే ఎంపిక మండలిలో కూర్చున్నందుకు 1969లో, క్రైపాక్ కేసులో, సుప్రీంకోర్టు ఆ ఎంపికను రద్దు చేసింది. తన పేరు చర్చకు వచ్చినప్పుడు ఆయన పక్కకు తప్పుకున్నా అది చాలదన్నది. బంధువులతో నిండిన మన కార్యవర్గాలకు ఇది నేటికీ పాఠమే. ఫిర్యాదుదారుతో గాని, ఆరోపణకు గురైనవారితో గాని చుట్టరికం, వ్యాపార సంబంధం ఉన్నవారు విచారణ నుండి లిఖితపూర్వకంగా తప్పుకోవాలి.

సాధారణ దుష్ప్రవర్తనలో క్రమం ఇలా ఉండాలి. ముందు విషయం ఉన్నదో లేదో చూసే ప్రాథమిక పరిశీలన. ఉన్నదని తేలితే, ఏ రోజున, ఏ చోట, ఏమి జరిగిందో స్పష్టంగా చెప్పే ఛార్జి మెమో. జవాబుకు తగిన గడువు. ఘటనతో సంబంధం లేని విచారణాధికారి. పత్రాలు చూసుకునే వీలు, సాక్షులను ప్రశ్నించే వీలు, తన సాక్షులను తెచ్చుకునే వీలు. ఆ తరువాత కారణాలతో కూడిన నివేదిక. ఆ నివేదిక ప్రతిని ఉద్యోగికి ఇచ్చి, అతని మాట విన్న తరువాతనే శిక్ష. ఈ చివరి సూత్రం మన హైదరాబాదులోని ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్‌కు సంబంధించిన కరుణాకర్ కేసులో 1993లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం స్థిరపరచినది. ఆరోపణ చేసినవారు, విచారించినవారు, శిక్ష నిర్ణయించేవారు ఒక్కరే కాకుండా చూడాలి. శిక్ష తప్పుకు తగినంతే ఉండాలి. అప్పీలుకు ఒక చోటు ఉండాలి.

లైంగిక వేధింపుల ఫిర్యాదులో గడువులు చట్టమే చెప్పింది. ఏడు పనిదినాలలో ప్రతివాదికి ప్రతి అందాలి. పది పనిదినాలలో అతడు జవాబు ఇవ్వాలి. 90 రోజులలో విచారణ ముగియాలి. పది రోజులలో నివేదిక యాజమాన్యానికి, ఇరుపక్షాలకు అందాలి. 60 రోజులలో యాజమాన్యం చర్య తీసుకోవాలి. ఈలోగా బాధితురాలు లిఖితపూర్వకంగా కోరితే ఆమెనుగాని ప్రతివాదినిగాని బదిలీ చేయాలని, ఆమెకు మూడు నెలల వరకు సెలవు ఇవ్వాలని కమిటీ సిఫారసు చేయవచ్చు. రాజీ ప్రయత్నం బాధితురాలు కోరితేనే. డబ్బు ప్రాతిపదికన రాజీ కుదరదు. పంచాయితీ పెద్దలు ఈ రెండు వాక్యాలను గుర్తుంచుకోవాలి.

తప్పుడు ఫిర్యాదుల భయం కొందరికి ఉన్నది. దురుద్దేశంతో అబద్ధమని తెలిసీ చేసిన ఫిర్యాదు మీద చర్య తీసుకోవచ్చునని చట్టమే చెబుతున్నది. అయితే ఫిర్యాదును రుజువు చేయలేకపోవడం, ఫిర్యాదు అబద్ధమని తేలడం ఒకటి కావని కూడా అదే చట్టం చెబుతున్నది. నాలుగు గోడల మధ్య జరిగిన దానికి సాక్షులు దొరకకపోవచ్చు. అంతమాత్రాన ఆమె అబద్ధాలకోరు కాదు.

త్వరపడి చేసిన విచారణ బాధితులకే చేటు. గోవా విశ్వవిద్యాలయానికి సంబంధించిన కేసులో విద్యార్థినుల ఫిర్యాదులపై కమిటీ విచారణ జరిపి ఒక అధ్యాపకుని తొలగింపుకు సిఫారసు చేసింది. తొలగించారు. ఏళ్లు గడిచాయి. అతనికి తన వాదన చెప్పుకునే తగిన అవకాశం ఇవ్వకుండా విచారణను హడావుడిగా ముగించారన్న కారణంతో 2023 మే నెలలో సుప్రీంకోర్టు ఆ తొలగింపును రద్దు చేసి, వ్యవహారాన్ని మళ్లీ కమిటీకే పంపింది. ఆ తీర్పు రాసినవారు గతంలో తెలంగాణ హైకోర్టు ప్రధాన న్యాయమూర్తిగా పనిచేసిన జస్టిస్ హిమా కోహ్లీ. కమిటీలు అన్ని చోట్లా సక్రమంగా ఏర్పడ్డాయో లేదో తనిఖీ చేయవలసిందిగా ప్రభుత్వాలను కూడా ఆ తీర్పు ఆదేశించింది. పద్ధతి తప్పితే ఇరుపక్షాలకూ న్యాయం ఆలస్యమవుతుందనడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కర లేదు.

గోప్యత కూడా ఇందులో భాగమే. ఫిర్యాదుదారు పేరు, ప్రతివాది పేరు, సాక్షుల పేర్లు వాట్సాప్ గ్రూపులలో తిరగరాదు. జుమా తరువాత మసీదు మెట్ల మీద చర్చకు రారాదు.

బయట పనిచేసే మన బిడ్డలకు

ఈ జ్ఞానం మన సంస్థలకే కాదు, ఇతర చోట్ల ఉద్యోగం చేసే మన పిల్లలకూ కవచం. గడ్డం గురించి, హిజాబు గురించి, తిండి గురించి ఎగతాళి చేస్తే ఆ రోజే తేదీ, సమయం, అన్న మాట, విన్నవారి పేర్లు రాసి పెట్టుకోవాలి. ఫిర్యాదును నోటితో కాక ఈమెయిలుగానో ఉత్తరంగానో ఇవ్వాలి, ప్రతి దగ్గర పెట్టుకోవాలి. ఆరోపణ వస్తే ఛార్జి మెమో అడగాలి, పత్రాలు అడగాలి. "రాజీనామా రాసిపో, లేకపోతే కేసు పెడతాము" అన్న బెదిరింపుకు లొంగి అక్కడికక్కడే సంతకం చేయరాదు. ఒక రోజు గడువు అడిగి తెలిసినవారిని సంప్రదించాలి. మహిళలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయం పొందే హక్కు 1987 నాటి న్యాయసేవల చట్టం ఇచ్చింది. 15100 నంబరుకు ఫోను చేయవచ్చు.

మా అభ్యర్థన

ఇక్కడ ఉన్న సంస్థల బాధ్యులకు మా విన్నపం ఇది. వచ్చే కార్యవర్గ సమావేశపు ఎజెండాలో ఈ అంశాన్ని మొదటి స్థానంలో పెట్టండి. రెండు పుటలకు మించని నియమావళి రాయించండి. అంతర్గత కమిటీ లేకపోతే వేయండి, ఉంటే దాని మూడేళ్ల కాలపరిమితి దాటిందో లేదో చూడండి. వంటమనిషి, కాపలాదారు, బస్సు డ్రైవరుతో సహా సిబ్బందిని అందరినీ కూర్చోబెట్టి వారి భాషలో చదివి వినిపించండి. ఏడాది చివర ఎన్ని ఫిర్యాదులు వచ్చాయి, ఎన్ని తేలాయి, ఎన్ని మిగిలాయి అన్న లెక్కను, పేర్లు లేకుండా, సర్వసభ్య సమావేశం ముందు పెట్టండి. ఒక్క ఫిర్యాదూ రాలేదని సంబరపడకండి. ఎవరూ చెప్పుకోలేకపోతున్నారేమోనని ఒకసారి వాకబు చేయండి.

తల్లిదండ్రులకు ఒక మాట. పిల్లలను చేర్చే ముందు ఫీజు ఎంత, ఫలితాలు ఎలా ఉన్నాయి అని అడుగుతున్నారు. ఇకమీదట మరొక ప్రశ్న కూడా అడగండి. "మీ దగ్గర ఫిర్యాదు ఎవరికి ఇవ్వాలి?" అని. నిర్వాహకులు గోడమీది బోర్డు చూపగలిగితే సరే. చూపలేకపోతే, అది పెట్టే వరకు అడుగుతూనే ఉండండి.

అధికారంలో ఉన్నవారి నుండి ఇన్సాఫ్ కోరే హక్కు మనకు ఉన్నది. మన జీతపు పట్టికలో చివరి పేరుగా ఉన్న మనిషికి కూడా అదే హక్కు మన మీద ఉన్నది. సెలవు.